నయాగరాలో చెయ్యి పట్టుకుని నడిపించినవాళ్లు

పిల్లలు అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రుల వేసవి ప్రయాణంలో నయాగరా తప్పనిసరి మజిలీ అయి చాలా ఏళ్లయింది. టికెట్టు తీసుకోవడం, పల్చటి నీలం ప్లాస్టిక్ కోటు తొడుక్కోవడం, పడవెక్కి తడవడం, లిఫ్టులో దిగి మళ్లీ లిఫ్టులో పైకి రావడం, చీకటి పడ్డాక నీళ్ల మీద రంగుదీపాలు చూడటం. ఒక్క రోజులో అన్నీ అయిపోతాయి. ఇందులో ఎక్కడా ఆ ఊరి మనిషితో పని పడదు. టూరిస్టు బస్సులో మైకు పట్టుకున్న గైడు ఉంటాడు, నిజమే. ఎత్తు ఎంత, వెడల్పు ఎంత, ఏ సంవత్సరంలో ఎవరు పీపాలో దూకారు, ఇవన్నీ చెబుతాడు. ఆయన ఆ రోజు సెలవు పెట్టినా జలపాతం చూడటానికి వచ్చే లోటేమీ లేదు. నూటయాభై ఏళ్ల కిందట ఆ ఊళ్లో గైడంటే వేరు. అతను లేకపోతే పైనుంచి చూసి వెళ్లిపోవాల్సిందే తప్ప జలపాతం దగ్గరికి పోవడం కుదిరేది కాదు. ఆ వృత్తి ఎందుకు పోయిందన్న ప్రశ్నకు చరిత్ర పుస్తకాల్లో ఒక సిద్ధమైన జవాబుంది: వాళ్లు జనాన్ని దోచుకు తిన్నారు, ప్రభుత్వం పార్కు పెట్టి వాళ్లను తరిమేసింది. ఈ జవాబులో సగమే నిజం. మిగతా సగం నది దగ్గర ఉంది.

ముందు ఆ పని ఎలా ఉండేదో చూడాలి. కెనడా వైపు, గుర్రపునాడా ఆకారంలో ఉన్న పెద్ద జలపాతం పక్కనే, లోయ మీదికి అరుగులా పొడుచుకొచ్చిన రాతిపలక ఉండేది. టేబుల్ రాక్ అనేవారు. దాని అంచు నుంచి మెలికల మెట్లు కిందికి దిగేవి. కింద, పడే నీటితెరకూ కొండకూ మధ్య సన్నటి దారి. అది టెర్మినేషన్ రాక్ అనే చోట ఆగిపోయేది. అమెరికా వైపు గోట్ ఐలండ్ నుంచి 1829లో కట్టిన చుట్టుమెట్ల గోపురంలో దిగితే, బ్రైడల్ వెయిల్ అనే చిన్న పాయ వెనక కేవ్ ఆఫ్ ది విండ్స్ అనే గుహ వచ్చేది. రెండుచోట్లా పద్ధతి ఒక్కటే. వచ్చినవాళ్లు సొంత బట్టలన్నీ విప్పి గదిలో పెట్టాలి. నూనె పట్టించిన గుడ్డతో కుట్టిన చొక్కా, టోపీ, కాళ్లకు పాచిరాయి మీద జారకుండా ఉన్ని జోళ్లు వేసుకోవాలి. ఆపైన గైడు చెయ్యి పట్టుకోవాలి. లోపల మాట వినిపించదు, కళ్లు తెరిస్తే సూదుల్లా నీళ్లు, ఊపిరి తీసుకోవాలంటే ఎటు తల తిప్పాలో తెలియదు. కాబట్టి చెప్పాల్సినదంతా అతను చేతితోనే చెప్పేవాడు: ఇక్కడ ఆగు, ఇప్పుడు కాలు పెట్టు, తల వంచు. బయటికొచ్చాక, ఫలానా వ్యక్తి నీటితెర వెనక ఇంతదూరం నడిచినట్టు అచ్చువేసిన ధ్రువపత్రం చేతికిచ్చేవారు. ఆ కాగితాలు ఇప్పుడు పాతవస్తువుల బజారులో సరుకు.

ఇసబెల్లా బర్డ్ అనే ఇంగ్లీషు యాత్రికురాలు 1854లో ఇలాగే దిగింది. రెండేళ్లకు అచ్చయిన తన పుస్తకంలో ఆ సంగతి వివరంగా రాసింది. తనను తీసుకెళ్లిన గైడు నల్లజాతివాడనీ చూడటానికి వికారంగా ఉన్నాడనీ ఏ సంకోచమూ లేకుండా రాసిపెట్టింది. ఆ వాక్యం ఇవాళ చదివితే చిరాకేస్తుంది. కానీ ఆమె చిన్నచూపు చూసిన మనిషి మీద ఆధారపడితే తప్ప ఆమె ఆ దారిన ఒక్క అడుగు వేసే పరిస్థితి లేదు. టేబుల్ రాక్ దగ్గర ఇలాంటి నల్లజాతి గైడులు చాలామంది పనిచేశారు. బ్రిటిష్ ఏలుబడిలో బానిసత్వం 1834లో రద్దయింది. అవతలి గట్టున, అమెరికాలో, అది సజీవంగా ఉంది. పారిపోయినవాళ్లను పట్టి అప్పగించాలన్న చట్టం 1850లో ఇంకా బిగుసుకుంది. అమెరికా గట్టు మీద క్యాటరాక్ట్ హౌస్ అనే పెద్ద హోటలుంటే, అందులో వడ్డన చేసే నల్లజాతివాళ్లే యజమానుల వెంట వచ్చిన బానిసలను రహస్యంగా నది దాటించేవారు. యాత్రికులకు వినోదమైన ఆ నీళ్లు వీళ్లకు సరిహద్దు. ఏ పూట ఏ రేవులో పడవ నిలుస్తుందో తెలియడం ఎంత విలువైన విద్యో వేరే చెప్పనక్కర్లేదు.

విద్య అని ఊరికే అనలేదు. ఆ ఊరివాళ్లకు తెలిసినదీ బయటివాళ్లకు తెలియనిదీ ఏమిటో తేల్చకపోతే ఈ వాదన నిలబడదు. ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. నయాగరా నిలకడ గల నది. వెనక నాలుగు మహాసరస్సుల నీరుంది. మన కృష్ణలా వేసవిలో ఇసుక తేలి, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వచ్చినట్టు పదకొండు లక్షల క్యూసెక్కులు దాటే వరద రావడం అక్కడ లేదు. సహజంగా పారేది ఏడాది పొడుగునా ఇంచుమించు రెండు లక్షల క్యూసెక్కులు. మారని నదికి జోస్యం చెప్పేవాడెందుకని అడగవచ్చు. ఏడాది లెక్క చూస్తే అడగవచ్చు. పూట లెక్క చూస్తే కథ మారిపోతుంది. నదికి పైనున్న ఈరీ సరస్సు మహాసరస్సుల్లో అన్నిటికన్నా లోతు తక్కువది, సగటున పంతొమ్మిది మీటర్లే. పడమటి గాలి బలంగా వీస్తే సరస్సు నీరంతా తూర్పుకొసకు, అంటే నది నోటికి, తోసుకొస్తుంది. జలపాతం ఉబ్బుతుంది. గాలి తిరిగితే తగ్గుతుంది. చలికాలం మంచు ఇంకో లెక్క. 1848 మార్చి 29 రాత్రి సరస్సు ముఖద్వారంలో మంచుగడ్డలు అడ్డంపడి నది ఆగిపోయింది. హోరు లేకపోయేసరికి ఊరివాళ్లకు మెలకువ వచ్చిందని చెబుతారు. ఒక రోజుకు పైగా జనం నది అడుగున నడిచారు, 1812 యుద్ధం నాటి తుపాకులూ బాయొనెట్లూ ఏరుకున్నారు. పడవ కంపెనీవాళ్లు మాత్రం అదను చూసుకుని, తమ పడవకు ఎప్పుడూ తగిలే బండలను మందుపెట్టి పేల్చేశారు. అందరూ వింత చూస్తున్నప్పుడు పని చక్కబెట్టుకోవాలని తోచింది రోజూ ఆ నీటి మీద బతికేవాళ్లకే.

రాయి కూడా కదిలేదే. 1850 జూన్ 29న టేబుల్ రాక్‌లో పెద్ద భాగం విరిగి లోయలో పడింది. దాని మీద ఒక బండివాడు గుర్రాలను విప్పేసి బండి కడుక్కుంటున్నాడు. పగులు చప్పుడు వినగానే బండి వదిలేసి పరుగెత్తి బతికాడు. బండి పోయింది. జలపాతం అంచు అప్పట్లో ఏడాదికి మీటరు పైనే వెనక్కి తినుకుపోయేది. అంటే నిరుడు కాలుపెట్టిన రాయి ఈ ఏడు ఉండకపోవచ్చు. గైడు రోజూ పొద్దున్నే ఆ దారిన తనొక్కడూ పోయి చూసుకోవాల్సిందే. ఏ రాయి కదిలింది, ఏ అంచు కొత్తగా కారుతోంది, గాలి ఎటునుంచి ఉంది, ఈ పూట ఆడవాళ్లను తీసుకెళ్లవచ్చా, పిల్లల్ని ఆపాలా. ఈ నిర్ణయాలకే అతనికి డబ్బిచ్చేవారు. కథలు చెప్పినందుకు కాదు. కథలు కొసరు.

ఇక మోసాల సంగతి. దాన్ని తగ్గించి చెప్పే ఉద్దేశం లేదు. పందొమ్మిదో శతాబ్దం నడిమికి అమెరికా వైపు జలపాతం కనిపించే ప్రతి అంగుళం ప్రైవేటు సొత్తు. చుట్టూ చెక్కల దడి. దడిలో కంతకొక రుసుము. గుర్రబ్బండివాళ్లకు హోటళ్లూ దుకాణాలూ కమీషనిచ్చేవి కాబట్టి వాళ్లు తీసుకెళ్లిన చోటికే మనిషి పోవాలి. కెనడా వైపు టేబుల్ రాక్ దగ్గర థామస్ బార్నెట్, సాల్ డేవిస్ అనే ఇద్దరు వ్యాపారులు ఏళ్ల తరబడి ఒకరిమీదొకరు కత్తులు నూరారు. డేవిస్ ఇంటికి నలభైమంది దొంగల గుహ అని పేరే పడింది: కిందికి దిగడం ఉచితమని పిలిచి, పైకొచ్చాక తొడుక్కున్న బట్టలకు అద్దె కట్టమని నిలబెట్టేవారు. మార్క్ ట్వైన్ ఈ తంతు మొత్తాన్నీ ఎగతాళి చేస్తూ రాశాడు. 1878లో కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ డఫరిన్ రెండు దేశాలూ కలిసి ఆ చోటును కాపాడాలని బహిరంగంగా కోరాడు. ఉద్యానశిల్పి ఫ్రెడరిక్ ఓమ్‌స్టెడ్, ఆయనతో మరికొందరు న్యూయార్క్‌లో ఉద్యమం నడిపారు. గవర్నర్ గ్రోవర్ క్లీవ్‌లండ్ 1883లో చట్టం మీద సంతకం చేస్తే, 1885 జూలై 15న అమెరికా గట్టు ప్రజలదైంది. 1888లో కెనడా గట్టున విక్టోరియా రాణి పేరిట పార్కు తెరిచారు. దడులు కూల్చారు. చూడటానికి కాసు కట్టనక్కర్లేదు. గొప్ప పని, అందులో సందేహం లేదు.

అయితే ఈ కథను గైడు వృత్తికి మరణవార్తగా చదవడానికి తేదీలు ఒప్పుకోవు. 1885 తర్వాత కూడా కేవ్ ఆఫ్ ది విండ్స్‌లోకి గైడులు జనాన్ని చేతులు పట్టుకుని తీసుకెళ్తూనే ఉన్నారు, అదీ ప్రభుత్వ రిజర్వేషన్ లోపలే, మరో ముప్పయి అయిదేళ్లు. దోపిడీకి ఆధారమైనది నేల మీద గుత్తాధిపత్యం. నేల ప్రభుత్వానిదయ్యాక దోపిడీ ఆగింది, నడిపించే పని ఆగలేదు. బట్టల అద్దె వసూలు చేసింది దుకాణం యజమాని. చెయ్యి పట్టుకున్నది కూలికి పనిచేసిన మనిషి. ఇద్దరినీ ఒకే మాటతో దొంగలనేయడం చరిత్ర రాసేవాళ్లకు సుళువు. గైడుల్లో దొంగలు లేరని కాదు, కమీషను తీసుకున్నవాళ్లు అన్ని తరగతుల్లోనూ ఉన్నారు. కానీ మోసం ఒక వృత్తిని చంపుతుందంటే తీర్థాల్లో పండాలు ఎప్పుడో అంతరించిపోయి ఉండాలి.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది: ప్రాణాలు. చలికాలంలో జలపాతం కింద మంచు పేరుకుని రెండు గట్లకూ వంతెన పడేది. ఊరివాళ్లు దాని మీద చెక్క గుడిసెలు వేసి కాఫీ, మద్యం, ఫొటోలు అమ్మేవారు, వేలమంది నడిచేవారు. 1912 ఫిబ్రవరి 4న మంచు విరిగి కొట్టుకుపోయింది. ముగ్గురు పోయారు. అక్కడే గుడిసె పెట్టుకున్న రెడ్ హిల్ అనే నదిమనిషి, మంచు కదలగానే కెనడా గట్టుకు పరుగెత్తమని కేకలేసి కొందరిని కాపాడాడు. ఆ తర్వాత మంచు మీద నడక నిషేధించారు. 1920 సెప్టెంబరు 6న కేవ్ ఆఫ్ ది విండ్స్ దారిలో కొండరాయి విరిగిపడి ముగ్గురు యాత్రికులు చనిపోయారు. ఎంత అనుభవజ్ఞుడైనా రాయి లోపలి పగులును చూడలేడు. ఇది ఒప్పుకోక తప్పదు. తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాల ముందు గైడు నైపుణ్యం గురించి ఉపన్యాసం చెప్పే ధైర్యం ఎవరికీ ఉండకూడదు కూడా. దారిని గుహలోంచి తీసి, నీటితెరకు ముందువైపు చెక్క వంతెనల మీదికి మార్చారు. 1925లో లిఫ్టు పెట్టారు. 1927లో చుట్టుమెట్ల గోపురాన్ని తీసేశారు. మిగిలిన గుహ కప్పును 1955లో మందుపెట్టి పేల్చేశారు. కెనడా వైపు కొండలోనే సొరంగాలు తవ్వారు. ఇప్పుడు కాంక్రీటు గోడల మధ్య నడిచి, కిటికీలాంటి కంతలోంచి నీటితెరను వెనకనుంచి చూడవచ్చు.

అంత చేసినా, నదిని నది పాటికి వదిలేసి ఉంటే, దాన్ని చదవగలవాడికి ఏదో ఒక పని మిగిలేది. మిగలకుండా చేసింది విద్యుత్తు. 1895లో నయాగరా దగ్గర ఆడమ్స్ కేంద్రం కరెంటు తీయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు అది బఫెలో నగరానికి చేరింది. అక్కడినుంచి జలపాతం మీద పడాల్సిన నీరు గొట్టాల్లోకి మళ్లుతూ వచ్చింది. ఎంత మళ్లించవచ్చో, ఎంత వదలాలో 1950లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం ఎనిమిది నుంచి రాత్రి పది వరకు జలపాతం మీద కనీసం లక్ష క్యూసెక్కులు పారాలి. అక్టోబరు చివరిదాకా అయితే రాత్రి ఎనిమిది వరకే. మిగతా రాత్రులూ చలికాలమంతా యాభై వేలు చాలు. దీన్ని అమలు చేయడానికి 1954లో జలపాతానికి ఎగువన గేట్ల ఆనకట్ట వచ్చింది. ఆఫీసు వేళల్లాగే నదికీ వేళలు కట్టారు. పడమటి గాలి వీచి సరస్సు పొంగినా, ఆ పొంగును చూసుకుని తగ్గించేది గేటు దగ్గరి ఉద్యోగి. అంచు వెనక్కి తినుకుపోవడం కూడా బాగా తగ్గి ఏడాదికి అడుగు దగ్గరికి వచ్చింది. 1969లో అమెరికా సైన్యపు ఇంజనీర్లు మట్టికట్ట వేసి అమెరికా వైపు జలపాతాన్ని నెలల తరబడి పూర్తిగా ఎండగట్టారు. కింద పేరుకున్న రాళ్లు తీసేస్తే మరింత అందంగా ఉంటుందేమో చూద్దామని. చివరికి తీయకుండా వదిలేశారు. ఎండిన కొండను చూడటానికి కూడా జనం వచ్చారు. నీరు ఎప్పుడు వస్తుంది, ఎంత వస్తుంది అన్న ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉన్నప్పుడు ఊరివాడిని అడిగేదెవరు? గాలి చూసి చెప్పే మనిషికి అంకెలు వల్లించే మనిషి వారసుడయ్యాడు.

ఈ విద్యుత్తే ఇంకో బతుకునూ తాకింది. టస్కరోరా ఆదివాసీ స్త్రీలు పూసలు కుట్టిన సంచులూ గుండుసూదుల దిండ్లూ గోట్ ఐలండ్ దారిలో కూర్చుని అమ్మేవారు. 1812 యుద్ధంలో తమ పెద్దలు చేసిన సాయానికి ద్వీపం యజమానులైన పోర్టర్ కుటుంబం ఈ హక్కు ఇచ్చిందని వాళ్లు చెప్పుకుంటారు. ఒకప్పుడు నయాగరా వెళ్లొచ్చినట్టు ఇంట్లో చూపించుకోవడానికి ఆ పూసల సంచి ఉండాల్సిందే. 1950ల చివర న్యూయార్క్ విద్యుత్ సంస్థ నీరు నిల్వచేసే చెరువు కోసం వాళ్ల రిజర్వేషన్‌లో 1,383 ఎకరాలు అడిగింది. వాళ్లు కోర్టుకెక్కారు. 1960లో సుప్రీంకోర్టు వాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చివరికి పోయింది సుమారు 550 ఎకరాలు. రాత్రిపూట జలపాతం నుంచి మిగిల్చిన నీటిని ఎక్కించుకుని పగలు కరెంటుగా మార్చే చెరువు ఆ నేల మీదే ఉంది. పార్కు పెట్టిన సంస్కర్తలకూ ఈ చెరువుకూ సంబంధం లేదు. అందుకే పాత బతుకును పార్కు చంపిందన్న కథ చాలదనడం.

ఇంతా విని, అయితే పాతకాలమే మేలంటారా అని అడగవచ్చు. అనను. డెబ్బై ఏళ్ల మోకాళ్లతో గుంటూరు నుంచో వరంగల్ నుంచో వెళ్లిన తల్లి, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఇవాళ నీటితెర పక్కదాకా పోగలుగుతున్నారంటే అది లిఫ్టు చలవే. పాత పద్ధతిలో అయితే వాళ్లు పైన బెంచీ మీద కూర్చోవలసినవాళ్లు. కరెంటు అక్కర్లేదనేవాళ్లూ ఎవరూ లేరు. మన దగ్గరా లెక్క ఇదే. కర్ణాటకలో జోగ్ జలపాతం 253 మీటర్ల మీదినుంచి నాలుగు పాయలుగా దూకుతుంది. 1964లో ఎగువన లింగనమక్కి జలాశయం వచ్చాక వానాకాలం బాగుంటేనే ఆ దూకుడు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ నీళ్లు 1955 నుంచి కరెంటవుతున్నాయి. డుడుమా జలపాతానికి దక్కేది ఆ పని పోగా మిగిలింది. ఆ కరెంటుతో వెలిగిన ఊళ్లలో మనవీ ఉన్నాయి. బేరం తప్పని తేల్చడానికి ఇదంతా చెప్పడం లేదు. బేరంలో ఏమిచ్చామో చీటీ మీద సరిగ్గా రాసుకోవాలి. ఇచ్చింది నీరొక్కటే అని రాసుకున్నాం. నీటితో పాటు దాని పూటపూట తీరును చదవగల మనుషులనూ ఇచ్చేశాం. ఆ పద్దు దగ్గర మాత్రం, దొంగలు వెళ్లగొట్టబడ్డారు అని ఉంది.

ఈ వాదన తప్పయితే, నది చపలత్వం ఇంకా మిగిలిన చోట కూడా ఊరివాళ్ల నైపుణ్యం కనిపించకూడదు. కనిపిస్తోంది. కేవ్ ఆఫ్ ది విండ్స్ దగ్గర యాత్రికులు పసుపు కోట్లతో నడిచే చెక్క వంతెనలు శాశ్వతం కావు. చలికాలంలో మంచుగడ్డలు వాటిని ఉంచవు. అందుకని ఏటా శరదృతువులో పనివాళ్లు వాటిని విప్పేస్తారు, వసంతంలో రాళ్ల సందుల్లో దూలాలు బిగించి మళ్లీ కడతారు. మంచు ఏ రాయిని జరిపిందో, నిరుడు ఆనిన చోట దూలం ఈసారి ఆనుతుందో లేదో వాళ్లే చూసుకోవాలి. ఒప్పందంలో ఎన్ని క్యూసెక్కులని రాసుకున్నా మంచు దానికి సంతకం పెట్టలేదు. వాళ్ల పని టికెట్టు కౌంటరు తెరవకముందే అయిపోతుంది కాబట్టి యాత్రికులకు వాళ్లెవరో తెలియదు.